మేడమ్ క్యూరీ పెట్టిన ఎక్సు కిరణముల బడి

చెట్టునుండి పడియో, బంతియాటలో జారియో చేయి విరుచుకొన్న బాలురు మన పాఠశాలలో ఏటేట ఇద్దరు ముగ్గురైనను ఉందురు. అట్టివానిని ఆసుపత్రికి కొనిపోయినప్పుడు ఒక గదిలో బల్లపై పరుండబెట్టి, కత్తి తాకకయే, నొప్పి కలుగకయే, లోపలి యెముక యెచ్చట విరిగినదో చూచి చెప్పుదురు. ఆ గదిలో యంత్రమును నడపువారు సాధారణముగా వైద్యులు కారు. ఆ పనియందే తరిఫీదు పొందినవారు. యంత్రమునకు మూలమైన కిరణములను కనుగొన్న పండితుని పేరు మన పాఠ్యపుస్తకములలో కలదు. ఆ యంత్రమును నడపుట సామాన్య స్త్రీలకు నేర్పుటకై మహాయుద్ధము నడుమ బడి పెట్టిన వారి సంగతి మాత్రము అంతగా వినబడదు. ఆ బడి పెట్టినది మేడమ్ క్యూరీ. రేడియమును కనుగొన్న విదుషీమణిగా ఆమె నెరుగనివారు లేరు. ఉపాధ్యాయినిగా నెరిగినవారు కొలదిమంది. నేనిచ్చట ముఖ్యముగా ఆ రెండవ సంగతినే చెప్పదలచితిని. కావున ఆమె జీవితములో మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టములను కొన్నింటిని త్వరగా దాటిపోవుదును. చదువరులు మన్నింతురు గాక.

మార్యా స్క్లొడోవ్‌స్కా 1867వ సంవత్సరము నవంబరు 7వ తేదీన పోలండుదేశములోని వార్సా నగరమున జన్మించెను. ఐదుగురు సంతానములో ఆమె కడగొట్టు బిడ్డ. తండ్రి గణితమును, భౌతికశాస్త్రమును బోధించు నుపాధ్యాయుడు. తల్లి బాలికల పాఠశాల నొకదానిని నడపినది. ఆ కుటుంబమున చదువు చెప్పుట కులవృత్తివంటిది. అయితే ఆ కాలమున వార్సా రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. పాఠశాలలలో పోలిషుభాషలో బోధించుట నిషిద్ధము. మార్యా చదివిన బడిలో పోలండు చరిత్రను రహస్యముగా చెప్పుచుండిరి. ప్రభుత్వ తనిఖీదారు గుమ్మమున నడుగుపెట్టగానే గంట యొక విధముగా మ్రోగెడిది. ఆ సంకేతము వినినంతనే పిల్లలు పుస్తకములను దాచి, కుట్టుపని ముందు వేసికొని కూర్చుండెడివారు. తనిఖీదారు అడిగిన ప్రశ్నలకు రష్యనుభాషలో తడబడక సమాధానము చెప్పుటకు ఉపాధ్యాయిని తరచుగా మార్యానే లేపెడిది. అందరికంటె బాగుగా చదువు పిల్ల గనుక ఆ భారము ఆమెపై బడెను. ఆ పరీక్ష ముగిసిన పిమ్మట ఆ చిన్నది కన్నీరు పెట్టుకొనెడిదట. అక్క యొకతె టైఫసు జ్వరముతో పోయినది. 1878లో తల్లి క్షయవ్యాధితో మరణించినది. అప్పటికి మార్యాకు పదియేండ్లు.

1883లో ఆమె బంగారు పతకముతో పాఠశాల చదువు ముగించెను. కాని వార్సా విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేదు. అప్పుడా నగరమున ఒక విచిత్రమైన విద్యాలయము రహస్యముగా నడచుచుండెను. దానికి సొంత భవనము లేదు, పేరుపలక లేదు. ఈ రోజు ఒకరి యింట, మరునాడు మరియొకరి యింట పాఠములు జరుగును. పోలీసువారి కంటబడకుండ చోటు మార్చుకొనుచు తిరుగుటచేత దానికి ఎగిరెడి విశ్వవిద్యాలయమని పేరు వచ్చెను. మార్యా, ఆమె యక్క బ్రోన్యా అందు విద్యార్థినులు. గోడలు లేని చోటను చదువు నిలువగలదని ఆమె పుస్తకములలో చదివి తెలిసికొనినది కాదు. పదునేడేండ్ల ప్రాయమున కన్నులార చూచినది.

అక్కచెల్లెండ్రిద్దరును ఒక యొడంబడిక చేసికొనిరి. ముందు బ్రోన్యా పారిసునగరమునకు పోయి వైద్యవిద్య నభ్యసించవలెను. మార్యా ఉద్యోగము చేసి ఆమెకు సొమ్ము పంపవలెను. తరువాత బ్రోన్యా చెల్లెలికి సహాయము చేయవలెను. ఆ ప్రకారము మార్యా 1886లో ష్చూకి యను పల్లెటూరిలో ఒక సంపన్న కుటుంబపు పిల్లలకు ఇంటియొద్ద చదువు చెప్పు నుపాధ్యాయినిగా చేరెను. అచ్చటి రైతుల పిల్లలకు తమ భాషలో చదువను వ్రాయను రాదు. పగటి పని ముగిసిన తరువాత ఆమె ఆ పిల్లలను తన గదికి పిలిచి పోలిషు అక్షరములు నేర్ప నారంభించెను. ఆ సంగతి అధికారులకు తెలిసినచో శిక్ష తప్పదు. ఐనను మానలేదు. ఆమె వలన కేవలము చదువు కొరకు చదువు నేర్చిన మొదటి శిష్యులు ఆ రైతుబిడ్డలే యని నేను తలంతును.

1891లో ఆమె పారిసు చేరి సోర్బాన్ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. మేడమీది యిరుకు గదిలో చలికి వణకుచు చదివి 1893లో భౌతికశాస్త్రపు పట్టపరీక్షలో మొదటి స్థానమును, 1894లో గణితపరీక్షలో రెండవ స్థానమును పొందెను. 1895 జూలై 26వ తేదీన పియేర్ క్యూరీ యను శాస్త్రజ్ఞుని వివాహమాడెను. ఆ యేటనే నవంబరు 8వ తేదీన జర్మనీలోని వూర్ట్స్‌బర్గు నగరమున రాంట్‌జెన్ పండితుడు ఒక క్రొత్త కిరణమును కనుగొనెను. అది మాంసమును దాటిపోవును, ఎముకచేతను లోహముచేతను అడ్డగింపబడును. అది యేమో తెలియదు గనుక, గణితములో తెలియని సంఖ్యకు పెట్టు గుర్తునే దానికి పెట్టి ఎక్సు కిరణమని పిలిచెను. ఆయన దానిపై ప్రత్యేకహక్కు నేదియు కోరలేదు. కొలదినెలలలోనే పలుదేశముల వైద్యులు దానిని వాడసాగిరి. ఆ సమయమున మేరీ క్యూరీ దృష్టి మాత్రము దీనికి దగ్గరి చుట్టమైన మరియొక విషయముపై నిలిచెను. యురేనియము తనంతట తాను కిరణములను వెలువరించుచున్నదని 1896లో బెకరెల్ కనిపెట్టియుండెను. ఆ దారినే పోయి క్యూరీదంపతులు 1898లో పొలోనియమును, రేడియమును కనుగొనిరి. కారెడి కప్పుగల ఒక పాకలో టన్నులకొలది ఖనిజమును ఉడికించి, కలియబెట్టి, వడబోసి 1902 నాటికి గ్రామములో పదవవంతు రేడియము ఉప్పును వేరుపరచిరి. 1903లో బెకరెల్‌తో కలిసి వారికి నోబెల్ బహుమానము లభించెను. వారును రాంట్‌జెన్‌వలెనే తమ పనిపై హక్కు కోరలేదు. ఈ కథ మీరందరు తరగతిలో వినినదే.

వినని కథ యిది. 1900వ సంవత్సరము మొదలుకొని ఆమె సావర్ అను చోట బాలికలను ఉపాధ్యాయినులుగా తయారుచేయు కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచుండెను. పుస్తకము చదివి చెప్పుటతో తృప్తిపడక విద్యార్థినుల చేతనే ప్రయోగములు చేయించెను. 1906 ఏప్రిలు 19వ తేదీన పియేర్ వాన కురియుచున్న వీధిలో సరకుబండి క్రిందబడి మరణించెను. ఆయన పీఠమును విశ్వవిద్యాలయమువా రామెకు ఇచ్చిరి. సోర్బాన్‌లో స్త్రీ బోధించుట అదియే మొదలు. నవంబరు 5వ తేదీన ఆమె మొదటి పాఠము వినుటకు ఊరిలోని పెద్దలు, పత్రికలవారు, కుతూహలపడు జనులు క్రిక్కిరిసియుండిరి. భర్తను గూర్చి నాలుగు మాటలు చెప్పి కన్నీరు పెట్టునని వా రెదురుచూచిరి. ఆమె వచ్చి, నిలిచి, పియేర్ తన చివరి పాఠమును ఏ వాక్యముతో ఆపెనో దాని తరువాతి వాక్యముతో మొదలుపెట్టి, గంటసేపు శాస్త్రము చెప్పి వెడలిపోయెను.

మరుసటి కాలమున తన పెద్ద కుమార్తె ఐరీన్ చదువు విషయమై ఆమెకు చింత కలిగెను. పిల్లలను దినమంతయు గాలిలేని గదులలో కూర్చుండబెట్టుట ఆమెకు గిట్టదు. స్నేహితులైన ఆచార్యులతో ఆలోచించి పదిమంది పిల్లలకు ఒక సహకారపాఠశాల నేర్పరచెను. దినమున కొక్క పాఠము. రసాయనశాస్త్రము పెరాన్ పండితుడు, గణితము లాంజెవాన్ పండితుడు, భౌతికశాస్త్రము మేడమ్ క్యూరీ. బైసికిలులోని చిన్న యినుపగుండును సిరాలో ముంచి, ఏటవాలు పలకపై విసరి, అది గీసిన వంపుగీతను చూపి, పడు వస్తువు నడుచు దారిని బోధించెను. ఒకనాడు వేడిద్రవమున్న పాత్రను చూపి, వేడి చల్లారకుండుటకు ఏమి చేయవలెనని ప్రశ్నించెను. ఒకడు ఉన్ని చుట్టవలెననెను; మరియొకడు ఇంకేదో గొప్ప ఉపాయము చెప్పెను. తానైతే ముందుగా మూత పెట్టుదునని ఆమె చెప్పెను. ఆ బడి రెండేండ్లు మాత్రమే నడచెను. కాని అందు చదివిన ఐరీన్ మున్ముందు చేయనున్న పనికి ఆ మూత పాఠము పనికివచ్చినదని నా నమ్మకము.

1911లో శాస్త్రపరిషత్తు సభ్యత్వమునకు ఆమె పేరు వచ్చి కొద్ది వోట్లతో ఓడిపోయెను. ఆ సంవత్సరముననే రసాయనశాస్త్రములో రెండవ నోబెల్ బహుమానము వచ్చెను. పత్రికలు ఆమెను నిందించిన దినములును అవియే. ఆమె ఆరోగ్యము చెడి చాలకాలము మంచముపట్టెను. కోలుకొనునప్పటికి పారిసులో ఆమె కొరకు రేడియము విద్యాలయపు భవనము లేచుచుండెను. 1914 వేసవిలో అది పూర్తియయ్యెను. తలుపులు తెరచునంతలో యుద్ధము వచ్చిపడినది.

ఆగస్టు 3వ తేదీన జర్మనీ ఫ్రాన్సుపై యుద్ధము ప్రకటించెను. ప్రయోగశాలలోని యువకులందరును సైన్యములో చేరిపోయిరి. శత్రువులు పారిసుకు సమీపించుచుండగా, దేశములోనున్న రేడియము, ఒక్క గ్రాము, వారి చేజిక్కకూడదని ప్రభుత్వము తలచెను. మేరీ దానిని సీసపు పెట్టెలో నుంచుకొని రైలులో బోర్డో నగరమునకు కొనిపోయి బ్యాంకులో భద్రపరచి, సైనికుల రైలులో వెంటనే మరలివచ్చెను. జనమంతయు పారిసునుండి పారిపోవుచుండ ఆమె పారిసుకు వచ్చుచున్నది! తన నోబెల్ సొమ్మును యుద్ధఋణపత్రములలో పెట్టెను. బంగారు పతకములను కూడ కరగించుకొండని యిచ్చినది గాని బ్యాంకువారు వాటిని ముట్టుకొనుటకు ఒప్పుకొనలేదు.

ధన మిచ్చుట సులభము. తన విద్యతో ఏమి చేయగలనని ఆమె ఆలోచించెను. గుండు తగిలిన సైనికుని శరీరములో ఇనుపతునక యెచ్చట నున్నదో తెలియక, శస్త్రవైద్యులు గాయములో సలాకలతో వెదకుచుండిరి. తునకతోపాటు మట్టి, బట్టపీలికలు లోపలికి పోయి గాయము కుళ్లును. ఇప్పటివలె సూక్ష్మజీవులను చంపు మందులు ఆనాడు లేవు. కాలో చేయో తీసివేయుట, లేనిచో ప్రాణము పోవుట జరుగుచుండెను. ఎక్సు కిరణములతో చూచినచో తునక స్థానము కొలదినిమిషములలో తెలియును. కాని ఆ యంత్రములు పెద్దపట్టణపు ఆసుపత్రులలో కొన్ని మాత్రమే యుండెను. యుద్ధరంగమునకు దగ్గరి ఆసుపత్రులలో అసలే లేవు. అనేకచోట్ల విద్యుచ్ఛక్తియే లేదు.

మేరీ ఎక్సు కిరణములపై పరిశోధన చేసినది కాదు. సోర్బాన్‌లో వాటిని గూర్చి పాఠములు చెప్పియుండెను, అంతే. ఇప్పుడు నలువదియారేండ్ల ప్రాయమున, రెండు నోబెల్ బహుమానములు పొందిన ఆచార్యురాలు మరల విద్యార్థినియై, బెక్లేర్ అను వైద్యునియొద్ద ఆ యంత్రమును నడపుట నేర్చుకొనెను. శరీరనిర్మాణశాస్త్రమును చదివెను. తరువాత మోటారు నడపుటయు నేర్చి 1916లో అనుమతిపత్రము పొందెను. చెడిన బండిని బాగుచేయుట, టైరు మార్చుట కూడ ఆమెకు వచ్చెను.

ఆమె యూహ యిది. రోగిని యంత్రముకడకు తేలేనప్పుడు యంత్రమునే రోగికడకు కొనిపోవలెను. ఒక మోటారుబండిలో ఎక్సు కిరణపు గొట్టము, మడతపెట్టు బల్ల, ఛాయాచిత్రపు పలకలు, గదిని చీకటి చేయుటకు నల్లని తెరలు అమర్చెను. బండి యింజనుచేత తిరుగు డైనమోనుండి కరెంటు వచ్చును. మొదటి బండిని ఫ్రాన్సు స్త్రీల సంఘమువారి ధనముతో సిద్ధపరచెను. తరువాతి బండ్లకై ధనవంతులైన స్త్రీల యిండ్లకు పోయి, యుద్ధము ముగియగానే తిరిగి యిచ్చెదనని చెప్పి వారి మోటారులను అడిగి తెచ్చెను. అధికారులు అనుమతులకై తిప్పించుకొనిరి. స్త్రీ రణరంగమునకు పోరాదనిరి. ఆమె విసుగక తిరిగి తిరిగి సాధించెను. 1914 నవంబరులో ఐరీన్‌ను వెంటబెట్టుకొని క్రేయ్ అను ఊరి ఆసుపత్రికి మొదటి ప్రయాణము చేసెను. సైనికులు ఆ బండ్లకు చిన్న క్యూరీలని ముద్దుపేరు పెట్టిరి.

బండి ఆసుపత్రి చేరినంతనే ఒక గదిని చూచుకొని కిటికీలకు తెరలు కట్టుదురు. బండినుండి తీగ లాగి యంత్రమునకు తగిలింతురు. డ్రైవరు ఇంజను నడుపును. అరగంటలో అంతయు సిద్ధము. గాయపడినవారిని ఒకరి తరువాత నొకరిని లోపలికి తెత్తురు. యంత్రమును చూచి బెదరు సైనికునికి, ఇది ఛాయాచిత్రము తీయుటవంటిదే, నొప్పి యుండదని మేరీ మెల్లగా నచ్చజెప్పెడిది. కొందరు శస్త్రవైద్యులకు మొదట నమ్మకము లేకుండెను. ఎంత వెదకినను దొరకని తునక, ఆమె చూపిన చోట దొరకగానే అది యొక మాయవలె వారికి తోచెడిది.

మాయ యేమియు లేదు. మన పాఠశాలలో నేర్పు జ్యామితియే. ఒక్క చిత్రము తీసినచో తునక నీడ పలకపై ఏ చోట పడినదో తెలియును గాని, అది శరీరములో ఎంత లోతున నున్నదో తెలియదు. కావున కిరణపు గొట్టమును కొంచెము ప్రక్కకు జరిపి అదే పలకపై మరల చిత్రము తీయుదురు. నీడ ఎదుటి దిక్కునకు జరుగును. ఉదాహరణమునకు, రోగి క్రిందనున్న పలకకు 60 సెంటీమీటర్ల యెత్తున గొట్ట మున్నదనుకొనుడు. దానిని 6 సెంటీమీటర్లు జరుపగా నీడ 1.2 సెంటీమీటరు జరిగినది. సరూప త్రిభుజములను గీచి చూడుడు: తునక పలకకు సరిగా 10 సెంటీమీటర్ల యెత్తున నున్నది. తునక పలకకు దగ్గరగా నున్నచో నీడ తక్కువ జరుగును, దూరముగా నున్నచో ఎక్కువ జరుగును. త్రిభుజముల లెక్కలు ఎందులకు పనికివచ్చునని అడుగు విద్యార్థులు నాకు ఏటేట కనబడుచుందురు. వారికి నేను ఈ లెక్కను చూపుదును.

ఈ జ్యామితియే ఐరీన్‌కు ఒక చిక్కు తెచ్చిపెట్టెను. ఆమె 1915 సెప్టెంబరు 12వ తేదీన తన పదునెనిమిదవ పుట్టినరోజును బెల్జియములో హూగ్‌స్టాడ్ అను చోట, యుద్ధరంగమునకు దాపున, తల్లి తోడులేక ఒంటరిగా గడపెను. అచ్చటి ఎక్సు కిరణపు గది భారమంతయు ఆమెదే. అక్కడి సైనికవైద్యునికి ఈ లెక్కలయందు నమ్మకము లేదు. ఆ చిన్నది ఓపికతో ఆయనకు త్రిభుజములు విడమరచి చెప్పవలసివచ్చెను. అచ్చటి నర్సులకు యంత్రము నడపుట నేర్పి, పని వారి కప్పగించి వేరొక చోటికి వెడలెను. ఇట్లు తిరుగుచునే తన విశ్వవిద్యాలయపు పరీక్షలన్నియు నెగ్గెను.

మేరీ ప్రయాణములు సుఖమైనవి కావు. 1915 ఏప్రిలులో ఒకనాటి రాత్రి తిరిగివచ్చుచుండగా బండి త్రోవ తప్పి కందకములో తలక్రిందులయ్యెను. లోపల కూర్చున్న ఆమెపై పెట్టెలన్నియు పడెను. పలకలు పగిలిపోవునేమో యని ఆమె విచారము. డ్రైవరు చీకటిలో బండి చుట్టు తిరుగుచు, అమ్మగారు చనిపోయితిరా యని మెల్లగా అడుగుచుండెనట! ఆమె ఇంటికి వచ్చి ఆ సంగతి యెవ్వరికిని చెప్పలేదు. కుమార్తెలకు పత్రికవలన తెలిసినది.

చదువరులారా, ఇచ్చటనే అసలు చిక్కు వచ్చినది. బండ్లు వచ్చినవి, యంత్రములు వచ్చినవి. యుద్ధము ముగియునాటికి ఆమె సిద్ధపరచిన బండ్లు 20, ఆసుపత్రులలో నెలకొల్పిన గదులు 200. వీనిలో ఎవరు నిలిచి పనిచేయుదురు? నేర్చిన పురుషులు సైన్యములో నుండిరి. నేర్వని వానికి అప్పగించిన యంత్రము చెడిపోయి మూలబడుచుండెను. లేదా స్పష్టతలేని చిత్రము తీసి శస్త్రవైద్యుని త్రోవ తప్పించుచుండెను. ఒక్క మేరీ, ఒక్క ఐరీన్ ఎన్ని చోట్ల నుండగలరు? తాను స్వయముగా మరియొక వందమందిని పరీక్షించుటకంటె, పరీక్షింపగల పదిమందిని తయారుచేయుట మేలని ఆమె గ్రహించెను. గొప్ప పనివారికి ఈ గ్రహింపు సులభముగా రాదు. తమంత బాగుగా మరియొకరు చేయలేరను శంక వారిని పీడించును. ఆమె ఆ శంకను ప్రక్కకు నెట్టినది.

1916లో పారిసులోని ఎడిత్ కావెల్ ఆసుపత్రి నర్సుల పాఠశాలకు అనుబంధముగా, రేడియము విద్యాలయములో తరగతులు మొదలయ్యెను. (ఎడిత్ కావెల్ ఇంగ్లీషు నర్సు, 1915 అక్టోబరు 12వ తేదీన బ్రస్సెల్సులో జర్మనులు ఆమెను కాల్చి చంపిరి.) పరిశోధనకై కట్టిన క్రొత్త భవనము ముందుగా ఈ బడికి పనికివచ్చెను. తడవకు ఇరువదిమంది చొప్పున స్త్రీలను చేర్చుకొనిరి. విద్యుచ్ఛక్తిని గూర్చి, ఎక్సు కిరణములను గూర్చి పాఠములు, యంత్రముపై చేతిపని, శరీరనిర్మాణము. మేరీ, ఆమె స్నేహితురాలు మార్త్ క్లైన్, ఐరీన్ ఉపాధ్యాయినులు. ఐరీన్‌కు అప్పటికి ఇరువదేండ్లైనను నిండలేదు!

ఆ విద్యార్థినులు ఎట్టివారనుకొంటిరి? కొందరు చదువుకొన్న కుటుంబముల వారు. కొందరికి బడిచదువు స్వల్పము. ధనికుల యింట పనిచేసిన పరిచారిక యొకతె కూడ వారిలో నుండెను. వోల్టు ఏమిటో, ఆంపియరు ఏమిటో ఎన్నడును వినని స్త్రీలకు కొలదివారములలో కరెంటు నడక తెలియవలెను. గొట్టములోని దోషము కనిపెట్టవలెను. పలకను చీకటిగదిలో కడిగి చిత్రము తేల్చవలెను. ఆ చిత్రములో ఏది యెముక, ఏది తునక, ఏది పలకపై మచ్చయో విడదీయవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, దూరపు ఆసుపత్రిలో అడుగుటకు ఎవ్వరును లేనప్పుడు తానొక్కతెయే నిర్ణయింపవలెను. సోర్బాన్ ఆచార్యురాలికి ఇట్టి తరగతి చెప్పుట కష్టముగా నుండునని మనము తలంతుము. ఆమెకట్లు తోచలేదు. ష్చూకి పల్లెలో రైతుబిడ్డలకు అక్షరములు దిద్దించిన చేయి యది. పాత్రకు మూత పెట్టవలెనని చెప్పిన నోరది. కఠినమైన సంగతిని విద్యార్థి చేతికి అందునట్లు క్రిందికి దింపుటయే గాని, దానిని తప్పుగా సులభముచేయుట ఆమె పద్ధతి కాదు. 1918 నాటికి సుమారు 150 మంది స్త్రీలు అచ్చట తరిఫీదు పొంది ఆసుపత్రులకు పోయిరి. ఆమె నెలకొల్పిన గదులలోను బండ్లలోను కలిపి పదిలక్షలకు పైగా క్షతగాత్రులు పరీక్షింపబడిరి.

యుద్ధము ఆగిన పిమ్మట, 1919 వసంతకాలమున, స్వదేశమునకు పోవు ఓడలకై వేచియున్న అమెరికా సైనికులు కొందరు అదే ప్రయోగశాలలో విద్యార్థులైరి. ఆ యనుభవముల నన్నింటిని మేరీ 1921లో ఎక్సు కిరణములు-యుద్ధము అను విషయముపై ఒక చిన్న పుస్తకముగా ప్రకటించెను. అందు తన పేరును ముందుకు నెట్టుకొన్నది కాదు. చేసిన పనిని చెప్పుటయే కనబడును.

నేడు ఎక్సు కిరణపు చిత్రము పలకపై గాక కంప్యూటరు తెరపై కనబడుచున్నది. ఒక ఊరిలో తీసిన చిత్రము నిమిషములో మరియొక దేశపు వైద్యుని చేరుచున్నది. 2020లో కరోనా వ్యాధిచేత కళాశాలలు మూతపడినప్పుడు వైద్యవిద్యార్థులు ఇండ్లలో కూర్చుండి, తెరలపై ఆ చిత్రములను చూచుచు, దూరమున నున్న ఆచార్యుల పాఠములు వినిరి. ఎగిరెడి విశ్వవిద్యాలయములో చదివిన స్త్రీకి ఇది వింతగా తోచియుండదు. చిత్రమును చదువుట ఇట్లు దూరమునుండియు నేర్పవచ్చును. అయితే ఆమె తన విద్యార్థినులను యంత్రముకడ నిలువబెట్టి చేతులతో చేయించినది. ఆ భాగము తీగమీద ఎంతవరకు ప్రయాణించునో నాకు సందేహమే.

ఆ బడిలో సరిగా చెప్పబడని పాఠ మొక్కటి కలదు. అది తెలియక జరిగినది. కిరణములు చర్మమును కాల్చునని అప్పటికి తెలియును. తొడుగులు, సీసపు రేకులు అడ్డుపెట్టుకొను నలవాటు కొంత యుండెను. కాని గాయపడినవారు వరుసకట్టి వచ్చుచుండగా, తెరవెనుక ఆ చిన్న గదిలో గంటలకొలది నిలిచినవారిని ఆ యడ్డు చాలినంతగా కాపాడలేదు. తన్ను తాను కాచుకొనుమని శిష్యురాండ్రకు చెప్పు మేరీ తన విషయమున అంత జాగ్రత్త పడలేదు. ఆమె వ్రేళ్ల చివరలు రేడియముచేత ఏనాడో మొద్దుబారినవి. కన్నులకు శుక్లములు వచ్చి శస్త్రచికిత్సలు జరిగినవి. కనబడని దినములలోను పెద్ద అక్షరములతో వ్రాసికొన్న కాగితములు చూచుకొని పాఠములు చెప్పెను.

1921లో అమెరికాదేశపు స్త్రీలు లక్ష డాలర్లు ప్రోగుచేసి కొన్న ఒక గ్రాము రేడియమును అధ్యక్షుడు హార్డింగు ఆమె కర్పించెను. తన చేతులతో కనుగొన్న పదార్థమును కొనుటకు ఆమెయొద్ద సొమ్ము లేకుండెను గదా! ఆ గ్రామును ఆమె ప్రయోగశాలకే చెందునట్లు చేసెను. అచ్చట నలుదేశముల యువతీయువకులు ఆమెయొద్ద పనిచేసిరి. 1934 జూలై 4వ తేదీన ఆల్ప్సు పర్వతప్రాంతములోని సాన్సెల్‌మోజ్ ఆరోగ్యాలయమున ఆమె మరణించెను. ఎముకలలోని మూలుగ క్రొత్త రక్తమును పుట్టింపలేకపోవుట ఆ వ్యాధి లక్షణము. రేడియమే ఆమెను చంపినదని లోకము చాలకాలము చెప్పుకొనెను.

1995 ఏప్రిలునెలలో ఫ్రాన్సు ప్రభుత్వము ఆమె యస్థికలను, పియేర్ యస్థికలను పల్లె సమాధిస్థలమునుండి తీయించి, పారిసులో మహాపురుషులను ఉంచు పాంథియన్ మందిరమునకు తెప్పించెను. తన ఘనతచేతనే అచ్చట స్థానము పొందిన మొదటి స్త్రీ ఆమె. ఆ సందర్భమున పేటికను పరీక్షించిన నిపుణులు అందు రేడియము అనుకొన్నంత లేదని కనుగొనిరి. ఆమె వ్యాధికి రేడియముకంటె, యుద్ధపు దినములలో ఆ బండ్లలోను ఆ చీకటి గదులలోను తగిలిన ఎక్సు కిరణములే యెక్కువ కారణమై యుండవచ్చునని వారు అభిప్రాయపడిరి. ఐరీన్ 1935లో భర్తతో కలిసి నోబెల్ బహుమానము పొంది, 1956లో రక్తపు క్యాన్సరుతో మరణించెను.